గెలిచిన మర్నాడు: జనరల్ జె.ఎన్. చౌదరి జీవితం

1947 ఆగస్టు 15వ తేదీన తుంగభద్రకు ఆవలి ఒడ్డున, కర్నూలులో, మూడు రంగుల జెండా ఎగిరింది. ఈవలి ఒడ్డున ఆలంపూరులో గాని, గద్వాలలో గాని ఆ జెండా ఎత్తడం నేరం. ఏరు ఒకటే, ఏటి నీళ్ళు ఒకటే, రెండు ఒడ్ల మీదా మాట్లాడే తెలుగూ ఒకటే. కాని ఒక ఒడ్డు స్వతంత్ర భారతంలో ఉన్నది, రెండో ఒడ్డు నిజాం రాజ్యంలో ఉన్నది. అప్పట్లో గద్వాల, ఆలంపూరు రాయచూరు జిల్లా కింద ఉండేవి. వనపర్తి, నాగర్‌కర్నూలు మహబూబ్‌నగర్ జిల్లా కింద ఉండేవి. జిల్లా ఏదైతేనేం, పై ప్రభువు మాత్రం ఒక్కడే.

ఈ పరిస్థితి పదమూడు నెలలు నడిచింది. దాన్ని అయిదు రోజుల్లో ముగించిన సైన్యానికి ముందు నిలిచినవాడు మేజర్ జనరల్ జయంతనాథ్ చౌదరి. మరి పదమూడేళ్ళకు గోవాలో పోర్చుగీసు పాలన కూలినప్పుడు దక్షిణ సైనిక కమాండుకు అధిపతిగా ఉన్నదీ ఆయనే. కొత్తగా పుట్టిన దేశం తన గడ్డ మీద మిగిలిన పాత పాలనలను సాయుధంగా ఎదుర్కొన్న రెండు సందర్భాల్లోనూ ఉన్న సేనాని ఆయన. సెప్టెంబరు 17 వచ్చిందంటే విమోచనమా, విలీనమా, విద్రోహమా అని మన దగ్గర ప్రతి ఏడూ వాదన లేస్తుంది. ఆ వాదనలో దిగే ముందు ఈ మనిషి జీవితం ఒకసారి చదవడం మంచిది. యుద్ధం ఎట్లా గెలిచాడో తెలుసుకోవడం తేలిక. గెలిచిన మర్నాడు ఏమి జరిగిందో తెలుసుకోవడమే కష్టం.

చౌదరి 1908 జూన్ 10న వంగదేశంలో ఒక జమీందారీ కుటుంబంలో జన్మించాడు. ఆ ఇంట న్యాయవాదులకూ, రచయితలకూ కొదువ లేదు. తండ్రి బారిస్టరు. తల్లి సాక్షాత్తు డబ్ల్యు.సి. బెనర్జీ కుమార్తె. 1885లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన పెద్దమనిషి ఆ బెనర్జీయే. ప్రసిద్ధ వంగ రచయిత ప్రమథ చౌదరి తండ్రి సోదరుల్లో ఒకరు. తొలినాటి సినీతార దేవికారాణి మరొక సోదరుని కూతురు; ఆమె పుట్టింది మన వాల్తేరులోనే.

తాత కాంగ్రెసుకు తొలి అధ్యక్షుడు, మనుమడు ఇంగ్లీషు రాజుగారి సైన్యంలో అధికారి. ఇది వింతగా కనిపించవచ్చు గాని ఆ తరంలో ఇటువంటి ఇళ్ళు చాలా ఉండేవి. కలకత్తాలోనూ, లండనులోని హైగేట్ పాఠశాలలోనూ చదివిన చౌదరి సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో చేరి 1928లో అధికారిగా బయటికి వచ్చాడు. మొదట ఒక ఇంగ్లీషు రెజిమెంటులో కొంతకాలం ఉండి, తరువాత 7వ లైట్ కావల్రీ అనే అశ్వికదళంలో చేరాడు. అప్పటికి భారతీయులను అధికారులుగా తీసుకోవడం కొత్త. నల్లవాడి ఆజ్ఞ తెల్ల సిపాయి వింటాడా అనే శంకతో వాళ్ళను ఎంపిక చేసిన కొన్ని దళాలకే పరిమితం చేసేవారు. 7వ కావల్రీ అటువంటి దళం.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన 5వ భారత డివిజనుతో సూడాను, ఎరిత్రియా, అబిసీనియా దేశాలూ, ఉత్తర ఆఫ్రికా ఎడారీ తిరిగాడు. తరువాత బర్మా రంగంలో 16వ లైట్ కావల్రీకి నాయకుడై జపాను సైన్యంతో పోరాడాడు. యుద్ధం ముగిశాక 1946లో ఇండో చైనాలోనూ, జావాలోనూ కొంతకాలం పనిచేశాడు.

జావా సంగతి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. 1945 ఆగస్టు 17న ఇండోనేషియా తనకు తాను స్వతంత్రం ప్రకటించుకుంది. పాత యజమాని డచ్చివాడు తిరిగి వస్తానన్నాడు. డచ్చి సైన్యం వచ్చేదాకా అక్కడికి పంపబడిన బ్రిటిషు పటాలాల్లో అధిక భాగం భారతీయ సిపాయిలే. నవంబరులో సురబయా నగరంలో పెద్ద యుద్ధమే జరిగింది. తమ దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాని సిపాయిలు, స్వాతంత్ర్యం కోసం లేచిన మరో జాతి మీద తుపాకి ఎత్తవలసి వచ్చింది. మన సైనికులను అక్కడ వాడుకోవడం తగదని నెహ్రూ అప్పుడే గట్టిగా నిరసించాడు. చౌదరి తరం సైనికాధికారుల కథలో ఈ ముడి మొదటినుంచీ ఉన్నది. ఎవరి ఆజ్ఞ పాటిస్తున్నాం, ఎవరి కోసం పాటిస్తున్నాం అనేది వాళ్ళకు పుస్తకాల్లో వచ్చే ప్రశ్న కాదు.

1947లో ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. అదే యూనిఫారం, అదే సెల్యూటు, కాని జెండా మారింది. చౌదరి ఢిల్లీలో సైనిక కార్యకలాపాల డైరెక్టరు అయినాడు. 1948లో మేజర్ జనరల్ హోదాతో 1వ ఆర్మర్డ్ డివిజను బాధ్యత తీసుకున్నాడు. అంటే దేశంలోని ప్రధాన ట్యాంకు బలగం ఆయన చేతికి వచ్చింది.

ఇక ఇటు హైదరాబాదు. నిజాం ప్రభుత్వానికీ, భారత ప్రభుత్వానికీ 1947 నవంబరు 29న యథాతథ ఒడంబడిక జరిగింది. ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్లే ఉండాలని దాని సారం. కాని ఉన్నది ఉన్నట్లు ఉండలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు పల్లెల మీద పడ్డారు. జనం జెండా పట్టుకుంటే పోలీసులు తుపాకి పట్టుకున్నారు. ఒడంబడికకు ముందే, 1947 అక్టోబరులో, ఆత్మకూరు దగ్గరి అప్పంపల్లిలో పోలీసు కాల్పులకు పలువురు గ్రామస్థులు బలి అయినారు. నల్లగొండ, వరంగల్లు వైపు కమ్యూనిస్టు దళాలు దొరల మీదా, నిజాం సైన్యం మీదా సాయుధంగా పోరాడుతున్నాయి. హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. ఢిల్లీలో సర్దార్ పటేల్ ఇక ఆగేది లేదని నిశ్చయించాడు.

1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం సరిహద్దు దాటింది. ప్రధాన బలగం చౌదరి వెంట షోలాపూరు నుంచి హైదరాబాదు రహదారి పట్టింది. మేజర్ జనరల్ రుద్ర నాయకత్వాన మరొక బలగం బెజవాడ వైపు నుంచి వచ్చింది. పడమట నల్‌దుర్గ్ మొదటి రోజే పడిపోయింది. ట్యాంకుల ముందు రజాకారు బర్మారు తుపాకులు ఎంతసేపు నిలుస్తాయి? 17వ తేదీ సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ నగరం వెలుపల చౌదరికి లొంగిపోయాడు. లక్షలాది ప్రజలకు అది పండుగ రోజు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు సంవత్సరాలు లెక్కపెట్టేటప్పుడు పోలీస్ యాక్షనుకు ముందు, పోలీస్ యాక్షను తర్వాత అని చెప్పుకునేవారంటే అది ఎంత పెద్ద మలుపో ఊహించుకోవచ్చు.

నలభై ఏళ్ళ వయసులో చౌదరి ఒక పెద్ద రాజ్యానికి సైనిక గవర్నరు అయినాడు. 1949 చివరిదాకా పాలన ఆయన చేతుల్లోనే సాగింది. నిజాం పేరుకు పైన ఉన్నాడు, అధికారమంతా గవర్నరుది. శాసనసభ లేదు, ఎన్నికలు లేవు. ఆయన సంతకమే శాసనం.

ఆ సంతకంతో మన ప్రాంతానికి సంబంధించిన ఒక పెద్ద పని జరిగింది. నిజాం సొంత ఆస్తిగా ఉన్న సర్ఫెఖాస్ భూములు 1949 ఫిబ్రవరిలో ప్రభుత్వంలో కలిశాయి. అదే ఏడు ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషను వచ్చింది. జాగీరు అనే మాటకు ఆ శాసనం ఇచ్చిన అర్థంలో పాయగాలూ, మక్తాలూ, అగ్రహారాలతోపాటు సంస్థానాలు కూడా చేరి ఉన్నాయి. అంటే గద్వాల, వనపర్తి, కొల్లాపురం రాజధానిగా ఉన్న జటప్రోలు, గోపాలుపేట, ఆత్మకూరు రాజధానిగా ఉన్న అమరచింత సంస్థానాలు ఒక్క కాగితంతో పాలనాధికారం కోల్పోయాయి. శిస్తు వసూలు, ఆ శిస్తు వసూలు చేసే పేష్కార్లూ, గుమాస్తాలూ సర్కారు కిందికి వచ్చారు. అంతకుముందు రైతుకు ప్రభువులు ఇద్దరు: దగ్గర సంస్థానాధీశుడు, దూరాన నిజాం. ఆ తరువాత ఒక్క సర్కారే మిగిలింది. పదేళ్ళు తిరిగేసరికి, 1959లో, వనపర్తి రాజప్రాసాదం పాలిటెక్నిక్ కళాశాల అయింది. రాజు కొలువు తీరిన చోట రైతు కొడుకు ఇంజనీరింగు డ్రాయింగు గీశాడు.

అయితే ఇక్కడ ఒక మాట. ఆ శాసనం జాగీర్దారుకు శిస్తు మీద ఉన్న హక్కును తీసింది, అందుకు పరిహారం ఇచ్చింది. దున్నేవాడికి భూమి మాత్రం ఇవ్వలేదు. కౌలుదారుకు రక్షణ 1950 నాటి కౌలుదారీ చట్టం దాకా ఆగవలసి వచ్చింది, ఆ చట్టం కూడా అమలులో ఎన్నో చోట్ల కాగితం మీదనే ఉండిపోయింది. రాజు పోయినా పటేలు, పట్వారి ఊళ్ళో అట్లాగే ఉన్నారు.

పోలీస్ యాక్షనుకు మరొక ముఖం ఉన్నది. చాలాకాలం దాన్ని గురించి ఎవరూ బాహాటంగా మాట్లాడలేదు. రజాకార్లు కూలిన తర్వాత ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల్లో ముస్లిముల మీద భయంకరమైన దాడులు జరిగాయి. రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేదవాళ్ళు, నేతవాళ్ళు, కూలీలు ప్రతీకారానికి బలి అయినారు. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ సంఘం 1948 చివర ఆ ప్రాంతాలు తిరిగి, చనిపోయినవారు ఎంత తక్కువ లెక్కవేసినా 27,000 నుంచి 40,000 దాకా ఉంటారని అంచనా కట్టింది. కొన్నిచోట్ల సైనికులు జనాన్ని కాపాడారనీ, కొన్నిచోట్ల చూస్తూ ఊరుకున్నారనీ, మరికొన్నిచోట్ల తామే పాల్గొన్నారనీ తెలిపింది. ఆ నివేదిక అప్పట్లో అచ్చు కాలేదు. 2013 నాటికి గాని ఢిల్లీ గ్రంథాలయంలో చదువరులకు అందుబాటులోకి రాలేదు.

ఈ దారుణాలకు చౌదరి ఆజ్ఞ ఇచ్చాడని ఎవరూ అనలేరు. కాని ఆ రోజుల్లో రాజ్యంలో శాంతి భద్రతల బాధ్యత ఎవరిది అంటే, జవాబు ఆయన పేరే. అయిదు రోజుల్లో రాజధాని చేరగలిగిన సైన్యం, దాటి వచ్చిన ఊళ్ళలో ఏమి జరుగుతుందో చూసుకోలేకపోయింది. గెలుపు వేగంగా వచ్చినంత మాత్రాన రక్షణ కూడా వేగంగా రాదు.

కమ్యూనిస్టుల విషయం కూడా అంతే. నిజాం లొంగిపోయినా వాళ్ళు ఆయుధాలు దించలేదు. సైన్యం వాళ్ళ మీదికి తిరిగింది. దళాలు కొన్ని కృష్ణ దాటి, కొన్ని అమ్రాబాదు వైపు నల్లమల అడవిలోకి చేరాయి. అడవిలో చెంచులూ, అంచు పల్లెల్లో రైతులూ పగలు పోలీసుకు, రాత్రి దళానికి జవాబు చెప్పుకోవలసిన రోజులవి. పోరాట విరమణ 1951 అక్టోబరులో గాని జరగలేదు. జాగీర్ల రద్దు అంత తొందరగా రావడానికి ఆ పోరాటం కూడా ఒక కారణమని మరువరాదు.

మరొకటి ఉద్యోగాల మాట. ఉర్దూ పాలన స్థానే ఇంగ్లీషు వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఉర్దూ పోయి ఇంగ్లీషు బోధన భాష అయింది. దేశంలోనే దేశభాషలో ఉన్నత విద్య నేర్పిన పెద్ద ప్రయోగం అట్లా ముగిసింది, తెలుగుకు మాత్రం ఆ చోటు దక్కలేదు. ఇంగ్లీషు వచ్చిన అధికారులను బయటి రాష్ట్రాల నుంచి పిలిపించారు. స్థానికులకు ఉద్యోగాలు కరువైనాయన్న అసంతృప్తి పెరిగి పెరిగి 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమంగా బద్దలైంది. ఆ ఉద్యమంలో ముందు నడిచినవాళ్ళు విద్యార్థులే, హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర కాల్పుల్లో నేలకొరిగినవాళ్ళలోనూ విద్యార్థులున్నారు. సైనిక పాలనలో వేసిన విత్తు అది.

చౌదరి హైదరాబాదు నుంచి ఢిల్లీకి వెళ్ళి సైన్యంలో ఒక్కొక్క మెట్టే ఎక్కి, 1959లో పూనా కేంద్రంగా ఉన్న దక్షిణ కమాండుకు అధిపతి అయినాడు. గోవా ఆ కమాండు పరిధిలోనిదే.

గోవాను పోర్చుగీసులు 1510లో పట్టారు. బ్రిటిషువాడు వెళ్ళిపోయాడు, ఫ్రెంచివాడు పుదుచ్చేరి, యానాం వదిలాడు, పోర్చుగలు నియంత సలజార్ మాత్రం వదలనన్నాడు. గోవా వలస కాదట, సముద్రం ఆవల ఉన్న పోర్చుగలులోనే ఒక రాష్ట్రమట! 1946 జూన్ 18న మడ్గావులో రామమనోహర్ లోహియా పౌరహక్కుల సమరం మొదలుపెట్టాడు. 1955 ఆగస్టు 15న నిరాయుధులైన సత్యాగ్రహులు సరిహద్దు దాటితే పోర్చుగీసు సైనికులు కాల్చిచంపారు. శాంతి మంత్రం చెప్పే నెహ్రూ ప్రభుత్వం ఆ తరువాత కూడా ఆరేళ్ళు ఓర్చుకుంది. 1961 నవంబరులో అంజదీవు నుంచి మన ఓడ మీద కాల్పులు జరగడంతో ఓర్పు తీరిపోయింది.

డిసెంబరు 17 అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ విజయ్ మొదలైంది. తూర్పు నుంచి మేజర్ జనరల్ కాండెత్ నాయకత్వాన 17వ డివిజను, ఉత్తరం నుంచి బ్రిగేడియర్ సగత్ సింగ్ నాయకత్వాన 50వ పారాచూట్ బ్రిగేడు కదిలాయి. నౌకాదళం, వైమానిక దళం కూడా పాల్గొన్నాయి. స్వతంత్ర భారతంలో మూడు దళాలూ కలిసి చేసిన తొలి పెద్ద దండయాత్ర ఇదే. పోర్చుగీసులు వంతెనలు పేల్చివేయడంతో ప్రధాన బలగం ఆలస్యమైంది, సహాయంగా ఉండవలసిన పారాచూట్ బ్రిగేడే ముందు పణజి చేరింది. ఆ బ్రిగేడు వెంట నడిచిన ట్యాంకులు 7వ కావల్రీవి, అంటే చౌదరి పడుచుతనంలో పనిచేసిన దళానివే.

చివరి మనిషి దాకా పోరాడి చావమని లిస్బను నుంచి సలజార్ ఆజ్ఞ పంపాడు. గవర్నరు జనరల్ వసాలు ఇ సిల్వా ఆ ఆజ్ఞ పాటించలేదు. ఎట్లాగూ ఓడిపోయే యుద్ధంలో తన మనుషులను, ఊరి జనాన్ని బలి పెట్టడం ఇష్టం లేక 19వ తేదీ రాత్రి లొంగిపోయాడు. మనవైపు 22 మంది, వాళ్ళవైపు 30 మంది చనిపోయారు. మూడు వేలకు పైగా బందీలు దొరికారు. వాళ్ళను 1962 మే నెలలో స్వదేశానికి పంపారు. నగరాలు దగ్ధం కాలేదు. వసాలు ఇ సిల్వాను మాత్రం సొంత ప్రభుత్వం సైన్యం నుంచి వెళ్ళగొట్టింది. 1974 విప్లవం తర్వాత గాని ఆయన గౌరవం ఆయనకు దక్కలేదు. గోవా భారతదేశానిదని పోర్చుగలు ఒప్పుకున్నదీ ఆ ఏడాది చివరనే.

హైదరాబాదు, గోవా రెండూ చౌదరి విజయాలే. కాని రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేం. గోవాలో ఎదుట నిలిచింది విదేశ సైన్యం ఒక్కటే, దానితో వ్యవహారం రెండు రోజుల్లో తీరింది. హైదరాబాదులో ఒకే ఊళ్ళో ఇరుగుపొరుగుల మధ్య ఏళ్ళ తరబడి విషం పోశారు. అక్కడ లొంగుబాటు పత్రం మీద సంతకంతో యుద్ధం ముగియలేదు. కొత్త దేశానికి నిజమైన పరీక్ష పాత ప్రభువును దించడంలో కాదు, దించిన తర్వాత ఓడినవాళ్ళ పక్షాన ఉన్నారని అనుమానించబడిన అమాయకులను కాపాడడంలో ఉన్నది.

చౌదరి తరువాతి జీవితం క్లుప్తంగా చెప్పుకుందాం. 1962లో చైనా చేతిలో ఓటమి తరువాత జనరల్ థాపర్ తప్పుకోగా చౌదరి సర్వసేనాధిపతి అయినాడు. గుండె చెదిరిన సైన్యాన్ని మళ్ళీ నిలబెట్టి, విస్తరింపజేసిన ఘనత ఆయనది. 1965 పాకిస్తాన్ యుద్ధం ఆయన హయాంలోనే జరిగింది. అందులోనూ విమర్శలు తప్పలేదు. పంజాబులో సైన్యాన్ని బియాస్ నది వెనక్కి తీసుకోమని సలహా ఇచ్చాడనీ, తాను ఒప్పుకోలేదనీ పశ్చిమ కమాండు అధిపతి హర్‌బక్ష్ సింగ్ తరువాత రాశాడు. మందుగుండు తరిగిపోతున్నదని ప్రధాని శాస్త్రికి చెప్పడం వల్ల కాల్పుల విరమణకు తొందరపడవలసి వచ్చిందని, నిజానికి నిల్వలు చాలా ఉన్నాయని మరికొందరు తప్పుపట్టారు. 1966 జూన్‌లో పదవీ విరమణ చేసి, 1969 దాకా కెనడాలో భారత హైకమిషనరుగా పనిచేశాడు. దేశరక్షణ మీద పుస్తకాలు, పత్రికా వ్యాసాలు రాశాడు. ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1983 ఏప్రిల్ 6న కన్నుమూశాడు.

మన చుట్టుపక్కల ఉన్న చాలా దేశాల్లో అధికారం రుచి చూసిన సేనానులు దాన్ని వదలలేదు. పాకిస్తాన్‌లో 1958లో, బర్మాలో 1962లో సైన్యమే గద్దె ఎక్కింది. చౌదరి పదిహేను నెలలు ఒక రాజ్యాన్ని ఒంటిచేత్తో ఏలాడు, ఆజ్ఞ రాగానే పౌర పాలనకు అప్పజెప్పి బారకులకు వెళ్ళిపోయాడు. ఆయన జీవితంలో నిస్సందేహంగా మెచ్చుకోదగ్గది ఇదే.

ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ జిల్లా కేంద్రాలు. తుంగభద్ర రెండు ఒడ్ల మీదా ఒకే జెండా. దానికి ఎవరికి దండం పెట్టాలో, ఎవరిని నిందించాలో తేల్చడానికి ఒక్క మాట చాలదు. అప్పంపల్లిలో పడినవారిని తలచుకునే నోటితోనే ఉస్మానాబాదు పల్లెల్లో పడినవారిని కూడా తలచుకోగలగాలి. జాగీర్లు రద్దు చేసిన సంతకాన్ని మెచ్చుకుంటూనే, ఆ సంతకం కింద నలిగినవాళ్ళెవరని అడగగలగాలి. సభల్లో, సంఘాల్లో, రేపు శాసనసభల్లో గెలవబోయే విద్యార్థి మిత్రులకు చౌదరి జీవితం ఇచ్చే పాఠం ఇదొక్కటే: గెలిచిన రోజు పూలదండలు అందరికీ పడతాయి, లెక్క రాసేది మాత్రం మర్నాటి నుంచి.